డిస్కులన్నీ హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించాక: వీఎల్‌సీ ప్లేయర్‌పై నా రివ్యూ

ముందే చెప్పేస్తాను. డిస్కుల నుంచి కాపీ చేసి పెట్టుకున్న సినిమాలు చూడటానికి కంప్యూటర్లో ఒక్క ప్లేయరే ఉంచుకోమంటే నేను వీఎల్‌సీనే ఉంచుకుంటాను. అలాగని ఇన్‌స్టాల్ చేసి వదిలేస్తే మాత్రం పాత డిస్కుల్లో సగం చూడబుద్ధి కావు. కొన్ని సెట్టింగులు మార్చుకోవాలి, కొన్ని కీలు వేళ్లకి అలవాటు కావాలి. అవేమిటో, ఎందుకో చెప్పడమే నా పని. ఫోన్లో తీసిన వీడియోలు, ఎవరో పంపిన క్లిప్పులు ఏ ప్లేయర్లోనైనా ఆడతాయి కాబట్టి వాటి జోలికి పోవడం లేదు. ఈ రివ్యూ డిస్క్ కాపీల వరకే.

మా ఇంట్లో మూడు రకాల డిస్కులూ ఉన్నాయి. నాన్న కొన్న వీసీడీలు, నేను కొన్న డీవీడీలు, అన్నయ్య మోజుపడి కొన్న బ్లూ-రేలు. కొత్త ల్యాప్‌టాప్‌కి డిస్క్ పెట్టే చోటే లేదు. పైగా విండోస్ 8 నుంచి మైక్రోసాఫ్ట్ డీవీడీ ఆడించే సౌకర్యాన్ని విండోస్‌తో పాటు ఇవ్వడం మానేసింది. అందుకని యూఎస్‌బీకి తగిలించే డ్రైవ్ ఒకటి పెట్టుకుని, తీరిక దొరికినప్పుడల్లా అన్నీ ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించాను. ఎక్కించడం సులువే. తర్వాత వాటిని చూడటం దగ్గరే అసలు కథ మొదలవుతుంది.

వీఎల్‌సీ పుట్టుక గురించి రెండు ముక్కలు. 1996లో పారిస్ దగ్గరి ఒక ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థులు క్యాంపస్ నెట్‌వర్క్ మీద వీడియో పంపుకోవడానికి మొదలుపెట్టిన ప్రాజెక్టు ఇది. 2001లో సోర్స్ కోడ్‌ని అందరికీ తెరిచేశారు. ఇప్పటికీ వీడియోలాన్ అనే లాభాపేక్ష లేని సంస్థే నడుపుతోంది. డబ్బు అడగదు, ప్రకటనలు చూపించదు. వీడియోలాన్ సొంత సైట్ నుంచే డౌన్‌లోడ్ చేసుకోండి. అదే నారింజ రంగు కోన్ బొమ్మ పెట్టుకుని, లోపల చెత్త సాఫ్ట్‌వేర్ కలిపి ఇచ్చే సైట్లు చాలా ఉన్నాయి.

ఇక అసలు విషయం. డీవీడీని ఉన్నదున్నట్టు కాపీ చేస్తే వీడియో_టీఎస్ అనే ఫోల్డర్ వస్తుంది. అందులో ఐఎఫ్ఓ, బీయూపీ, వీఓబీ అని మూడు రకాల ఫైళ్లుంటాయి. సినిమా అంతా వీఓబీల్లో ఉంటుంది, కానీ ఒక్కో వీఓబీ 1 జీబీ దాటకూడదని డీవీడీ నియమం. అందుకని సినిమాని ముక్కలు చేసి వీటీఎస్_01_1, వీటీఎస్_01_2 అంటూ వరసగా పేర్చి ఉంచుతారు. మా బావ ఈ ఫోల్డర్ తెరిచి, పెద్దగా కనిపించిన మొదటి ఫైల్ మీద డబుల్ క్లిక్ చేసి, ఇరవై నిమిషాలకే సినిమా ఆగిపోయిందని నాకు ఫోన్ చేశాడు. ఆగిపోలేదు, మొదటి ముక్క అయిపోయిందంతే. ఇంకో ఫైల్ నొక్కాడు, అది సున్నాతో ముగిసే వీఓబీ కావడంతో మెనూ వెనక ఆడే బొమ్మ వచ్చింది తప్ప సినిమా రాలేదు. ముక్కల్ని వరసగా ప్లేలిస్టులో వేసినా సుఖం ఉండదు. ఒక ముక్క నుంచి ఇంకో ముక్కకి వెళ్లేటప్పుడు చిన్న తెగుడు, కింద టైమ్ చూస్తే ఏదో అంకె, ముందుకి జరిపితే ఎక్కడికో పోవడం. ఏ ముక్క తర్వాత ఏది, చాప్టర్ ఎక్కడ మొదలవుతుంది, ఏ ఆడియో ఏ భాష, సబ్‌టైటిల్ రంగేమిటి, ఇవన్నీ రాసి ఉండేది ఐఎఫ్ఓ ఫైళ్లలో. వీఓబీని నేరుగా తెరిస్తే ఆ కబురేదీ ప్లేయర్‌కి అందదు. బీయూపీ అంటే ఆ ఐఎఫ్ఓకే ఇంకో కాపీ, అది పాడైతే పనికొస్తుందని పెట్టింది. అనవసరం అనుకుని తీసేయకండి.

పద్ధతి ఏమిటంటే, వీఎల్‌సీలో మీడియా మెనూలోకి వెళ్లి ఓపెన్ డిస్క్ అనాలి. కంట్రోల్ పట్టుకుని డీ నొక్కినా అదే. డిస్కే లేనప్పుడు ఓపెన్ డిస్క్ ఏమిటని సందేహపడొద్దు. డీవీడీ అని టిక్ పెట్టి, బ్రౌజ్ నొక్కి, ఆ ఫోల్డర్ని చూపిస్తే చాలు, నిజం డిస్క్ పెట్టినట్టే మెనూతో సహా వస్తుంది. మెనూలో మౌస్ పనిచేస్తుంది, బాణం కీలూ పనిచేస్తాయి. అక్కడే 'నో డిస్క్ మెనూస్' అని ఒక గడి ఉంటుంది. అది టిక్ చేస్తే సరాసరి సినిమాలోకి తీసుకెళ్తుంది. కంపెనీ లోగోలు, పైరసీ హెచ్చరికలు, రాబోయే సినిమాల ట్రైలర్లు, పైగా వాటిని దాటేయనివ్వకుండా కట్టేసిన రిమోట్ బటన్లు గుర్తున్నాయి కదా. ఆ ఒక్క గడి కోసమైనా నేను వీఎల్‌సీకి ఒక మార్కు ఎక్కువ వేస్తాను.

డిస్క్ మొత్తాన్నీ ఐఎస్ఓ అనే ఒక్క ఫైల్‌గా కాపీ చేసుకుంటే ఇంత హంగామా లేదు. ఒకే ఫైల్, ఓపెన్ విత్ వీఎల్‌సీ అంటే మెనూతో ఆడుతుంది. డబుల్ క్లిక్ చేస్తే మాత్రం విండోస్ దాన్ని డిస్క్‌లా మౌంట్ చేసి ఫోల్డర్ చూపిస్తుంది, మళ్లీ మొదటికొస్తాం. కాబట్టి రైట్ క్లిక్ చేయడం అలవాటు చేసుకోండి. ఇంకోటి: పాత పెన్‌డ్రైవ్‌లు, కొన్ని హార్డ్ డిస్కులు ఫ్యాట్32 అనే ఫార్మాట్‌లో ఉంటాయి. అందులో ఒక ఫైల్ 4 జీబీకి మించకూడదు. సింగిల్ లేయర్ డీవీడీ 4.7 జీబీ, డ్యూయల్ లేయర్ 8.5 జీబీ పడుతుంది. 'చోటు ఉంది కదా, ఎందుకు ఎక్కట్లేదు' అని తల పట్టుకునేవాళ్లందరి సమస్యా ఇదే. ఎక్స్‌ఫ్యాట్ అనే ఫార్మాట్‌కి మార్చుకుంటే తీరిపోతుంది, కాకపోతే మార్చేటప్పుడు అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది కాబట్టి ముందు వేరేచోట దాచుకోవాలి.

నేను ఎక్కువగా వాడేది మూడో పద్ధతి, ఎమ్‌కేవీ. మేక్‌ఎమ్‌కేవీ అనే ప్రోగ్రామ్ డిస్క్‌లోని బొమ్మని గానీ శబ్దాన్ని గానీ ముట్టుకోకుండా, చాప్టర్లూ ఆడియోలూ సబ్‌టైటిళ్లూ కలిపి ఒక ఫైల్‌లో పెట్టేస్తుంది. డీవీడీలకైతే ఉచితం. మెనూ పోతుంది, పోతే పోనీ. వీఎల్‌సీ ఈ ఫైళ్లని ఏ మాటా అడగకుండా ఆడిస్తుంది. మధ్యలో ఆపి మర్నాడు తెరిస్తే ఆగిన చోటు నుంచి చూస్తారా అని అడుగుతుంది కూడా. మెనూతో తెరిచిన డీవీడీ ఫోల్డర్ విషయంలో ఆ సౌకర్యాన్ని నమ్ముకోవద్దు. ఆపే ముందు టీ కీ నొక్కితే టైమ్ కనిపిస్తుంది, అది గుర్తుపెట్టుకోవడమే.

చట్టం మాట కూడా అనాలి. సినిమా డీవీడీలకి చాలావాటికి తాళం ఉంటుంది. ఫైళ్లని మామూలుగా కాపీ పేస్ట్ చేస్తే తాళం విప్పకుండానే వచ్చేస్తాయి, ఆడిస్తే ఆకుపచ్చ, గులాబీ గళ్లు తప్ప ఏమీ కనిపించకపోవచ్చు. కొనుక్కున్న డిస్కే అయినా తాళం విప్పి కాపీ చేసుకోవడాన్ని కొన్ని దేశాల చట్టాలు ఒప్పుకోవు. మీ దగ్గర ఎలా ఉందో చూసుకోండి. నా మటుకు నాకు డిస్కులన్నీ పెట్టెలో భద్రంగా ఉన్నాయి, కాపీ ఎవరికీ ఇవ్వను. అడిగి లేదనిపించుకున్న చుట్టాలకి నా మీద కోపం, అది వేరే సంగతి.

సరే, సినిమా తెరుచుకుంది. పాట మొదలైంది. హీరోయిన్ చెయ్యి అటు నుంచి ఇటు విసరగానే ఆ చెయ్యి అంచు దువ్వెన పళ్లలా అడ్డగీతలుగా చీలిపోతుంది. పాత డీవీడీల్లో చాలావాటికి ఉన్న జబ్బే ఇది. పేరు ఇంటర్‌లేసింగ్. బల్లపరుపు టీవీలు రాకముందు ట్యూబ్ టీవీలు బొమ్మని ఒకేసారి గీసేవి కావు. బేసి గీతలు ఒకసారి, సరి గీతలు ఇంకోసారి గీసేవి. సెకనుకి 50 సగాలు (కొన్ని దేశాల్లో సుమారు 60) వచ్చేవి, కళ్లు వాటిని కలుపుకునేవి. డిస్కులు కూడా అలాగే తయారయ్యాయి. ఇప్పటి స్క్రీన్ రెండు సగాల్నీ కలిపి ఒకేసారి చూపిస్తుంది. ఆ రెండు సగాల మధ్య చెయ్యి కదిలింది కదా, ఆ కదలికే చీలికగా కనిపిస్తుంది. మనిషి కదలకుండా నిలబడితే ఏమీ తెలియదు. అందుకే మాటల సీన్లలో బాగుండి, డ్యాన్సులోనూ ఫైట్లలోనూ బయటపడుతుంది.

వీఎల్‌సీలో దీనికి మందు ఉంది, పేరు డీఇంటర్‌లేస్. మామూలుగా ఆటోమేటిక్‌లో ఉంటుంది. ఫైల్ మీద 'ఇది ఇంటర్‌లేస్డ్' అన్న గుర్తుని బట్టి తనే పెట్టుకోవాలి. ఆ గుర్తు డిస్క్ తయారు చేసినవాళ్లు సరిగ్గా వేసి ఉంటేనే. వేయని డిస్కులు బోలెడు. నా దగ్గరున్న ఒక డీవీడీలో, కంపెనీ పేరు ఎందుకులెండి, సినిమాకి ఒకలాగా పాటల కలెక్షన్‌కి ఒకలాగా ఉంది. అలాంటప్పుడు డీ కీ నొక్కితే డీఇంటర్‌లేస్ చేతితో పెట్టుకోవచ్చు, తీయొచ్చు. ఎప్పటికీ ఉండాలంటే టూల్స్, ప్రిఫరెన్సెస్, వీడియోలోకి వెళ్లండి. అక్కడ మోడ్ అని ఒక జాబితా కనిపిస్తుంది. బ్లెండ్ పెడితే గీతలు పోతాయి, వాటి బదులు చెయ్యి రెండు చేతులుగా నీడపడినట్టు కనిపిస్తుంది, నాకు అస్సలు నచ్చలేదు. డిస్కార్డ్ అయితే సగం గీతల్ని పారేస్తుంది, బొమ్మ మొద్దుబారుతుంది. యాడిఫ్ (2ఎక్స్) పెట్టుకోండి. ఒక్కో సగాన్నీ పూర్తి ఫ్రేమ్‌గా తయారుచేసి సెకనుకి 50 ఫ్రేములు చూపిస్తుంది కాబట్టి కదలిక నున్నగా ఉంటుంది. పాతికేళ్ల కిందటి కంప్యూటరైతే చెప్పలేను గానీ, ఇప్పుడు వాడే ఏ ప్రాసెసర్‌కీ డీవీడీ సైజులో ఇదొక బరువు కాదు.

అలాగని అన్నిటికీ పెట్టి వదిలేయకండి. ఫిల్మ్ మీద తీసిన సినిమా సెకనుకి 24 ఫ్రేములే. పాల్ (సెకనుకి 50 సగాల పద్ధతి) డిస్కుల్లో దాన్ని 25కి పెంచి వేసేస్తారు, చాలాసార్లు రెండు సగాలూ ఒకే ఫ్రేమ్‌వి అయి ఉంటాయి, అసలు చీలికే ఉండదు. అక్కడ డీఇంటర్‌లేస్ పెడితే లాభం లేకపోగా సన్నని గీతలు, చీర అంచుల పనితనం కాస్త మసకబారుతుంది. ఎలా తెలుస్తుంది? బాగా కదలిక ఉన్న చోట ఆపి ఈ (E) కీ నొక్కుతూ పోండి. ఒక్కో నొక్కుకి ఒక్కో ఫ్రేమ్ ముందుకి వెళ్తుంది. ఒక్క ఫ్రేమ్‌లోనూ దువ్వెన పళ్లు లేకపోతే డీఇంటర్‌లేస్ తీసేయండి. అన్నిటిలోనూ ఉంటే యాడిఫ్. మూడు శుభ్రంగా, రెండు చీలి, మళ్లీ మూడు శుభ్రంగా, ఇలా ఐదేసి ఫ్రేముల వరస కనిపిస్తే అది ఎన్‌టీఎస్‌సీ (సుమారు 60 సగాల పద్ధతి) డిస్క్. 24ని 30కి సాగదీయడానికి వేసిన లెక్క అది. దానికి మోడ్ జాబితాలో చివర ఉండే ఫిల్మ్ ఎన్‌టీఎస్‌సీ వాడాలి, అది కలిపిన సగాల్ని విడదీసి అసలు ఫ్రేముల్ని మళ్లీ కూరుస్తుంది. ఒక డిస్క్‌కి ఒకసారి చూసుకుంటే చాలు. నేను ఫైల్ పేరు చివర చిన్న గుర్తు పెట్టుకుంటాను.

అన్నట్టు ఆ 24ని 25 చేయడం వల్ల సినిమా నాలుగు శాతం వేగంగా నడుస్తుంది. రెండున్నర గంటల సినిమా ఆరు నిమిషాలు తగ్గుతుంది. ఏదో కట్ చేశారని కంగారు పడక్కర్లేదు. గొంతులు ఒక పిసరు కీచుగా వినిపిస్తాయి, సంగీతం తెలిసినవాళ్లు పట్టేస్తారు. నాకు తెలియదు, అమ్మ పట్టేసింది.

బొమ్మ ఆకారం సంగతి త్వరగా చెప్పేస్తాను. డీవీడీ ఫ్రేమ్ పాల్‌లో 720 బై 576. వెడల్పు సినిమా అయినా అదే డబ్బాలో నొక్కి పెడతారు, ఆడించేటప్పుడు సాగదీసుకోమని గుర్తు వేస్తారు. గుర్తు తప్పితే అందరూ సన్నగా పొడుగ్గా కనిపిస్తారు. ఏ (A) కీ నొక్కుతూ 16:9 దగ్గర ఆపండి. ఇంకో రకం డిస్కుల్లో సినిమా చుట్టూ నాలుగు వైపులా నల్లటి చోటు వస్తుంది, మధ్యలో చిన్న బొమ్మ. దానికి సీ కీ, నల్లని పట్టీల్ని కత్తిరించి బొమ్మని స్క్రీన్‌కి నింపుతుంది. సబ్‌టైటిల్ కింది పట్టీలో ఉంటే అదీ తెగిపోతుంది, చూసుకోండి.

ఇప్పుడు శబ్దం. ఇంట్లో గొడవలు వచ్చేది ఇక్కడే. డీవీడీల్లో మంచి ఆడియో అంటే 5.1, అంటే ఆరు ఛానెళ్లు. మాటలన్నీ మధ్య స్పీకర్‌కి, సంగీతం, బాంబులు మిగతావాటికి పంచి పెడతారు. మన దగ్గర ఉన్నవి రెండే స్పీకర్లు. ఆరు ఛానెళ్లనీ రెంటిలోకి కుక్కగానే మాటలు గొణుగుళ్లు అవుతాయి. అమ్మ 'ఏమంటున్నాడూ' అంటుంది, సౌండ్ పెంచుతాను, వెంటనే పాట మొదలై కిటికీలు అదురుతాయి, తగ్గిస్తాను, మళ్లీ 'ఏమంటున్నాడూ'. దీనికి రెండు దారులు. మొదట బీ కీ నొక్కి చూడండి, చాలా డిస్కుల్లో 5.1తో పాటు స్టీరియో ట్రాక్ కూడా ఉంటుంది. రెండు స్పీకర్లకి అదే సరైనది. అది లేకపోతే కంట్రోల్ పట్టుకుని ఈ (E) నొక్కి, ఆడియో ఎఫెక్ట్స్‌లో కంప్రెసర్ ఆన్ చేయండి. పెద్ద చప్పుళ్లని అణిచి, చిన్న మాటల్ని పైకి లేపడమే దాని పని. అక్కడ కనిపించే ఏడు స్లైడర్లని చూసి బెదరొద్దు. థ్రెషోల్డ్ కిందికి దింపితే అణచడం తొందరగా మొదలవుతుంది, రేషియో పెంచితే గట్టిగా అణుస్తుంది, మేకప్ గెయిన్ మొత్తం మీద సౌండ్ పెంచుతుంది. ఈ మూడే ముట్టుకుంటాను. మార్చాక కింద సేవ్ నొక్కకపోతే ప్లేయర్ మూసి తెరిచేసరికి అంతా మాయం. అది నొక్కాక మా ఇంట్లో రిమోట్ కోసం పెనుగులాట తగ్గింది. వాల్యూమ్‌ని 100 దాటించి సరిపెట్టుకుందామనుకుంటే గరగర తప్ప లాభం లేదు.

బ్లూటూత్ హెడ్‌ఫోన్ పెట్టుకుంటే పెదాలు ముందు, మాట తర్వాత. జే, కే కీలు ఆడియోని 50 మిల్లీసెకన్ల చొప్పున అటూ ఇటూ జరుపుతాయి. సబ్‌టైటిళ్లకైతే జీ, హెచ్.

సబ్‌టైటిళ్ల గురించి ఒక నిరాశ కబురు. డీవీడీలో ఉండేవి అక్షరాలు కావు, బొమ్మలు. నాలుగే రంగులు, అదీ డీవీడీ సైజుకి గీసినవి. పెద్ద టీవీలో మెట్లు మెట్లుగా కనిపిస్తాయి. ఫాంట్ మార్చుదామని సెట్టింగుల్లో ఎంత వెతికినా ఆ బొమ్మలకి అది పనిచేయదు, వీఎల్‌సీ తప్పేమీ లేదు. అంతగా ఇబ్బందిగా ఉంటే విడిగా ఎస్‌ఆర్‌టీ (అక్షరాల్లో ఉండే సబ్‌టైటిల్) ఫైల్ సంపాదించి, సినిమా ఫైల్ పేరే దానికీ పెట్టి పక్కనే ఉంచండి, తనే ఎత్తుకుంటుంది. తెలుగు ఎస్‌ఆర్‌టీ అయితే నోట్‌ప్యాడ్‌లో తెరిచి యూటీఎఫ్-8లో సేవ్ చేసుకోండి, లేకపోతే అక్షరాల బదులు పిచ్చి గుర్తులు వస్తాయి. ఎమ్‌కేవీ చేసేటప్పుడు 'ఫోర్స్‌డ్' అని ఉన్న సబ్‌టైటిల్ ట్రాక్ వదిలేయకండి. సినిమా మధ్యలో విలన్ వేరే భాషలో రెండు నిమిషాలు మాట్లాడతాడు చూశారా, దాని అర్థం ఆ ట్రాక్‌లోనే ఉంటుంది.

వీసీడీల దగ్గర వీఎల్‌సీ నిజంగా చేతికందిన చుట్టమే. ఎంపెగ్ఏవీ ఫోల్డర్లో ఏవీసెక్01.డ్యాట్ అని ఒక ఫైల్ ఉంటుంది, అదే సినిమా. చాలా ప్లేయర్లు డ్యాట్ అన్న పేరు చూసి ముఖం తిప్పుకుంటాయి. వీఎల్‌సీ విండోలోకి లాగి వదిలితే ఆడేస్తుంది. బొమ్మ 352 బై 288, ఎంపెగ్-1. ఫుల్ హెచ్‌డీ స్క్రీన్ మీద నిండుగా పరిస్తే మొహాలు గళ్లుగళ్లుగా ఉంటాయి, ఏ సెట్టింగూ దాన్ని బాగు చేయలేదు. నేనైతే విండోని సగం సైజులో పెట్టుకుని చూస్తాను. రెండు మూడు డిస్కుల సినిమా అయితే ఫైళ్లకి 1, 2, 3 అని పేరు మార్చి ఒకేసారి లాగండి, వరసగా నడుస్తాయి. గీతలు పడ్డ డిస్క్ కాపీలో ఎక్కడైనా బొమ్మ గళ్లుగా చెదిరి మళ్లీ సర్దుకుంటుంది. మిగతా చోట్ల ఆగకుండా పోనివ్వడం ఒక్కటే ఇక్కడ ప్లేయర్ చేయగలిగింది, అది చేస్తుంది.

బ్లూ-రే దగ్గర మాత్రం వీఎల్‌సీని గట్టిగా సిఫారసు చేయలేను. బ్లూ-రే ఫోల్డర్ పేరు బీడీఎమ్‌వీ. దాని తాళం డీవీడీ తాళం కంటే చాలా గట్టిది. విప్పే ఏర్పాటు వీఎల్‌సీతో పాటు రాదు. చాలా డిస్కుల్లో మెనూలు జావాలో రాసి ఉంటాయి, అవి రావాలంటే జావా వేరుగా పెట్టుకోవాలి. దీనికి తోడు కొన్ని డిస్కుల్లో సినిమాని చిన్న చిన్న ముక్కలు చేసి, తప్పుడు వరసలో కలిపే ప్లేలిస్టులు వందల కొద్దీ పెడతారు, కాపీ చేసేవాడు తికమకపడాలని. తప్పుడుది తగిలితే క్లైమాక్స్ ఇంటర్వెల్‌కి ముందే వచ్చేస్తుంది. అందుకని బ్లూ-రేలకి ఎమ్‌కేవీ తప్ప ఇంకో ఆలోచన పెట్టుకోను. ఫైల్ 25, 30 జీబీ ఉంటుంది. వీఎల్‌సీ బాగానే ఆడిస్తుంది గానీ ప్రిఫరెన్సెస్‌లో ఇన్‌పుట్, కోడెక్స్ కింద హార్డ్‌వేర్ డీకోడింగ్ (వీడియో విప్పే పనిని గ్రాఫిక్స్ చిప్‌కి అప్పగించడం) ఆటోమేటిక్‌లో ఉందో లేదో చూసుకోండి. లేకపోతే పాత ల్యాప్‌టాప్ ఫ్యాన్ గోల సినిమా మాటల్ని మించిపోతుంది. బ్లూ-రే వీడియో సెకనుకి 40 మెగాబిట్ల వరకు వెళ్తుంది. యూఎస్‌బీకి అదొక లెక్క కాదు, బలహీనమైన వైఫై మీద వేరే గదిలోని టీవీకి పంపితే మాత్రం ఆగి ఆగి నడుస్తుంది.

కాసేపు పాజ్ పెట్టి వచ్చాక ప్లే నొక్కితే కొన్ని సెకన్లు స్తంభించిపోయిందా? హార్డ్ డిస్క్ నిద్రపోయి లేస్తోంది. ప్లేయర్ని తిట్టకండి.

మిగతా ప్లేయర్లూ వాడి చూశాను. ఎమ్‌పీవీకి బటన్లు దాదాపు లేవు, సెట్టింగులు ఒక టెక్స్ట్ ఫైల్లో రాసుకోవాలి. ఓపిక ఉంటే చిన్న డీవీడీ బొమ్మని పెద్ద స్క్రీన్‌కి పెంచడంలో అది వీఎల్‌సీ కంటే బాగా కనిపిస్తుందని నా అభిప్రాయం. ఎంపీసీ-హెచ్‌సీ విండోస్‌కి మాత్రమే, పాతకాలపు మీడియా ప్లేయర్ మొహమే, తేలిక. 2017లో అసలు బృందం ఆపేసినా వేరేవాళ్లు కొనసాగిస్తున్నారు. అయితే ఇంటిల్లిపాదీ టీవీలో చూడాలంటే వీటిలో ఏదీ కాదు, కోడీ. ఒకప్పుడు ఎక్స్‌బీఎమ్‌సీ అనేవారు, 2014లో పేరు మార్చారు. సినిమా ఫైల్‌కి పేరు, బ్రాకెట్లో విడుదలైన ఏడాది పెట్టి ఉంచితే పోస్టర్‌తో సహా వరసగా పేర్చి చూపిస్తుంది. అమ్మకి ఫైల్ పేర్లతో పని లేదు, పోస్టర్ చూసి రిమోట్ నొక్కుతుంది. కంప్యూటర్ వీఎల్‌సీలో మీడియా లైబ్రరీ అని ఉన్న పేజీని దీంతో పోల్చడానికే లేదు. ఉత్త ఫైళ్ల జాబితా అది. సినిమాలు పదుల్లో ఉంటే ఇబ్బంది లేదు, వందల్లోకి వెళ్తే వీఎల్‌సీ ఒక్కదానితో గడవదు.

చోటు చాలక హ్యాండ్‌బ్రేక్ అనే ప్రోగ్రామ్‌తో సినిమాల్ని చిన్నవి చేసుకునేవాళ్లకి ఒక్క మాట. దువ్వెన పళ్లు ఉన్న వీడియోని డీఇంటర్‌లేస్ చేయకుండా కుదిస్తే ఆ పళ్లు బొమ్మలో అతుక్కుపోతాయి. తర్వాత వీఎల్‌సీలో డీ ఎన్నిసార్లు నొక్కినా వదలవు. కుదించే ముందు అందులో ఆ పళ్లని తీసే డీకోంబ్ ఆన్‌లో ఉందేమో చూసుకోండి, అసలు కాపీని వెంటనే చెరిపేయకండి.

ఇంట్లో పిల్లలుంటే ఇంకో సంగతి కూడా తెలిసి ఉండాలి. వీఎల్‌సీ ఎఫెక్టుల్లో, వీడియో ఎఫెక్ట్స్, జామెట్రీ కింద పజిల్ గేమ్ అని ఒక గడి ఉంది. టిక్ చేస్తే ఆడుతున్న సినిమా గళ్లుగా ముక్కలై కలగాపులగమైపోతుంది, మౌస్‌తో ఒక్కో గడినీ దాని చోటికి చేర్చుకోవాలి. నిజంగానే ఉంది, ఎవరికి తోచిందో గానీ. మా మేనల్లుడు అది పెట్టేసి, ఎలా తీయాలో చెప్పకుండా వాళ్ల ఇంటికి వెళ్లిపోయాడు. ఆ టిక్ దొరకకపోతే ప్రిఫరెన్సెస్ కింద రీసెట్ ప్రిఫరెన్సెస్ నొక్కండి, అన్నీ మొదటికి వచ్చేస్తాయి. యాడిఫ్, కంప్రెసర్ మళ్లీ పెట్టుకోవాలి.